మానవయుగమా, పెట్టుబడి యుగమా?

ఇరవయ్యేళ్ళకు పైగా పాశ్చాత్య విశ్వవిద్యాలయాల నుంచి మనిషికీ ప్రకృతికీ వుండే సంబంధాన్ని గురించి పుస్తకాలు వరదలా వస్తున్నాయి. చరిత్రకారులు, సమాజ శాస్త్రజ్ఞులు, భూగర్భ శాస్త్రజ్ఞులు ఒకరి పుస్తకాన్ని మరొకరు ఖండిస్తూ, సమర్థిస్తూ పెద్ద చర్చే నడుపుతున్నారు. ఈ చర్చ మన తరగతి గదికి చేరేటప్పటికి రెండే రెండు ముక్కలుగా మిగులుతున్నది. ఒకటి: భూమి వేడెక్కుతున్నది. రెండు: దానికి మానవుడే కారణం. మొదటిది శాస్త్ర సత్యం. దాన్ని గురించి తగాదా లేదు. రెండోది సత్యమా, అర్ధసత్యమా అన్నది తేల్చవలసి వుంది. డిగ్రీ విద్యార్థులు తప్పనిసరిగా చదివే పర్యావరణ పాఠంలో ఈ "మానవుడు" ప్రతి వాక్యానికీ కర్తగా కూర్చుని వుంటాడు. ఆయన అడవులు నరికాడు, నదులు చెరిచాడు, గాలి పాడుచేశాడు. ఆయనకు వర్గం లేదు, కులం లేదు, దేశం లేదు, చివరకు పుట్టిన సంవత్సరం కూడా లేదు. అభ్యుదయ భావాలు గల ఉపాధ్యాయులు సైతం ఆ వాక్యాలను అలాగే అప్పగించి, కాబట్టి మనమందరం తలా ఒక మొక్క నాటుదామని ముగిస్తున్నారు. పరీక్షలో ఆ జవాబుకు మార్కులు వస్తాయి. కాని ఎవడు ఏం చేశాడని చరిత్రను అడిగితే మాత్రం ఆ జవాబు నిలవదు. అందుకనే ఆ పుస్తకాలలో ముఖ్యమైనవాటిని దగ్గర పెట్టుకుని, అసలు వివాదం ఎక్కడుందో చూడటం అవసరం.

2000 సంవత్సరంలో పాల్ క్రుట్‌జెన్, యూజీన్ స్టోర్మర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు "ఆంత్రొపొసీన్" అనే మాటను ప్రతిపాదించారు. మానవయుగం అని అర్థం. క్రుట్‌జెన్ ఓజోన్‌ను గురించిన పరిశోధనకు 1995లో నోబెల్ బహుమానం పంచుకున్నవాడు. ఊరికే మాట తోలేవాడు కాడు. మంచు యుగం ముగిసిన తరువాత సుమారు 11,700 ఏళ్ళుగా నడుస్తున్న భూగర్భ యుగం అయిపోయిందనీ, మనిషే ఒక భౌగోళిక శక్తిగా మారిన యుగం మొదలైందనీ ఆయన వాదన. దాని ఆరంభాన్ని ఆయన 18వ శతాబ్దం చివర, జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం నాటి 1784లో పెట్టాడు. ఈ మాటను పరిశీలించటానికి 2009లో ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం ఆరంభాన్ని 20వ శతాబ్దం మధ్యకు జరిపి, కెనడాలోని క్రాఫర్డ్ సరస్సు అడుగు మట్టిని సాక్ష్యంగా చూపింది. 2024 మార్చిలో భూగర్భ శాస్త్రజ్ఞుల ఉపసంఘం 12 - 4 ఓట్లతో ప్రతిపాదనను తోసిపుచ్చింది. ఐనా మాట చావలేదు. శాస్త్రజ్ఞుల పట్టికలో చోటు దొరకనిది చరిత్రకారుల పుస్తకాలలో మాత్రం స్థిరంగా కాపురం పెట్టింది.

ఆ కాపురం పెట్టించినవారిలో ప్రముఖుడు దీపేశ్ చక్రవర్తి. ఈయన కొత్తవాడు కాడు. కలకత్తా జనపనార మిల్లుల కార్మికులను గురించి 1989లో వచ్చిన ఈయన పుస్తకం మన కార్మికోద్యమ చరిత్ర చదివేవారికి పరిచితమే. 2009లో "క్రిటికల్ ఇంక్వైరీ" పత్రికలో వాతావరణాన్నీ చరిత్రనూ కలిపి నాలుగు ప్రతిపాదనలు చేస్తూ ఒక వ్యాసం రాశాడు. దాన్నే పెంచి, మార్చి, 2021లో "ది క్లైమేట్ ఆఫ్ హిస్టరీ ఇన్ ఎ ప్లానెటరీ ఏజ్" అనే పుస్తకంగా తెచ్చాడు. ఆయన చెప్పేది క్లుప్తంగా ఇది. ఇంతకాలం చరిత్రకారులు మానవ చరిత్ర వేరు, ప్రకృతి చరిత్ర వేరు అనుకున్నారు. ఇక అలా అనుకోవటానికి వీల్లేదు. స్వేచ్ఛ, సమానత్వం అని మనం కట్టుకున్న సౌధమంతా బొగ్గు మీదా చమురు మీదా నిలబడి వుంది. పెట్టుబడిదారీ విధానాన్ని విమర్శించటం అవసరమే. కాని అది ఒక్కటే చాలదు, ఎందుకంటే ఇప్పుడు ప్రమాదంలో పడింది మానవజాతి, జాతిగా. మామూలు ఆర్థిక సంక్షోభంలో ధనికుడు తప్పించుకుంటాడు, ఈ సంక్షోభంలో వాడికీ పడవ లేదు.

ఇందులో మొదటి మాటను కాదనవలసిన పని లేదు. మార్క్సు చదివినవాడికి మనిషి ప్రకృతిలో భాగమన్న సంగతి వార్త కాదు. చివరి మాట దగ్గరే చిక్కంతా వుంది. పడవ లేకపోవటం నిజమేనా? 2005లో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్‌లో ఎవరు ఊరు దాటిపోయారో, ఎవరు ఇళ్ళ కప్పుల మీద మిగిలిపోయారో ప్రపంచం టెలివిజన్లో చూసింది. ఆండ్రియాస్ మామ్, ఆల్ఫ్ హార్న్‌బోర్గ్ 2014లో రాసిన జవాబులో ఈ ఉదాహరణనే ముందు పెట్టారు. మనకైతే అంత దూరం పోవలసిన పని లేదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు మేడ వున్నవాడికీ పాకలో వున్నవాడికీ నీళ్ళు ఒకే ఎత్తున వచ్చాయి. చావు ఒకే ఎత్తున రాలేదు.

చక్రవర్తి పుస్తకంలో మన విద్యార్థులను ప్రత్యేకంగా ఆకర్షించే అధ్యాయం ఒకటి వుంది. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల చివరి లేఖను ఆయన ఈ పుస్తకంలో చర్చించాడు. నక్షత్రాలనూ విజ్ఞానాన్నీ ప్రేమించిన యువకుడి ఆకాంక్షలో ఆయనకు మనిషికీ విశ్వానికీ వుండే సంబంధం కనిపించింది. గౌరవంతోనే చదివాడు, సందేహం లేదు. దళితుని శరీరానికీ మురికికీ చావుకీ సమాజం అంటగట్టిన సంబంధాన్ని గురించి ఆలోచించాడు కూడా. కాని ఆ యువకుడికి హాస్టలులో గది లేకుండా చేసింది గ్రహం కాదు. నెలల తరబడి ఫెలోషిప్ డబ్బు ఆగిపోయింది భూగర్భ యుగం మారినందువల్ల కాదు. ఎవరికి పడవ వుందో, ఎవరికి లేదో తెలిపే ఉదాహరణ ఆయన చేతిలోనే వుండగా, పడవ ఎవరికీ లేదన్న సిద్ధాంతాన్ని దానితో పరీక్షించకుండా వదిలేశాడు. పుస్తకం మొత్తంలో ఇదే పెద్ద లోపమని నా అభిప్రాయం.

చక్రవర్తికి పూర్తి ఎదురుగా నిలబడే పుస్తకం మామ్ రాసిన "ఫాసిల్ కాపిటల్". 2016లో వచ్చింది. ఇటీవలి పుస్తకాలలో విద్యార్థులు మొదట చదవవలసింది ఇదే. కారణమేమంటే, ఇది పెద్ద పెద్ద మాటలతో మొదలుకాకుండా ఒక చిన్న ప్రశ్నతో మొదలవుతుంది: ఇంగ్లండు నూలు మిల్లుల యజమానులు నీటి చక్రాలను వదిలేసి ఆవిరి యంత్రాలకు ఎందుకు మారారు?

మనం పాఠ్యపుస్తకాలలో చదువుకున్న జవాబు సులభమైనది. వాట్ యంత్రం కనిపెట్టాడు, అది మెరుగైనది, అందుకని అందరూ దాన్ని పెట్టుకున్నారు. మామ్ లెక్కలు తీసి చూపేదేమిటంటే, వాట్ యంత్రం వచ్చిన 40 ఏళ్ళ తరువాత కూడా నూలు పరిశ్రమలో నీటి చక్రానిదే పైచేయి. నీళ్ళకు కొరత రాలేదు. ఖర్చు చూస్తే నీటి శక్తే చవక. బొగ్గు కొనాలి, నది ఉత్తినే ప్రవహిస్తుంది. మరి 1825లో వచ్చిన ఆర్థిక సంక్షోభం తరువాత ఇరవై పాతికేళ్ళలో ఆవిరి ఎందుకు గెలిచింది? యంత్రం మెరుగైనందువల్ల కాదు, కూలివాడు అక్కడ దొరికినందువల్ల. నది ఎక్కడ వుంటే మిల్లు అక్కడికి పోవాలి. కొండ కోనలో మిల్లు పెడితే కూలివాళ్ళను తెచ్చుకోవాలి, ఇళ్ళు కట్టాలి, అనాథ పిల్లలను ఒప్పందాల మీద తెచ్చి పెంచుకోవాలి. స్టయల్ అనే ఊళ్ళో గ్రెగ్ కుటుంబం క్వారీ బ్యాంక్ మిల్లును అలాగే నడిపింది. (ఆ మిల్లు పుట్టిందీ 1784లోనే. క్రుట్‌జెన్ ఆ సంవత్సరాన్ని ఎంచుకున్నప్పుడు ఈ మిల్లు సంగతి ఆయనకు తట్టి వుండదు.) అలాంటి చోట కూలివాళ్ళు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో పెట్టటానికి వేరేవాళ్ళు దొరకరు. మాంచెస్టరు వంటి పట్నంలోనైతే వీధిలో నిరుద్యోగుల సైన్యం సిద్ధంగా వుంటుంది. బొగ్గును బండ్ల మీద ఆ వీధికి తీసుకుపోవచ్చు. నదిని తీసుకుపోవటానికి వీల్లేదు.

ఇంకో కారణం పనిగంటలది. నదిలో నీరు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. తక్కువైన రోజు నష్టాన్ని నీరున్న రోజున పద్నాలుగు, పదిహేను గంటలు పని చేయించి యజమాని పూడ్చుకునేవాడు. కార్మికులు పోరాడి 1833 చట్టాన్నీ, 1847లో పది గంటల చట్టాన్నీ సాధించిన తరువాత ఆ దారి మూసుకుపోయింది. చట్టం పెట్టిన గంటలలోనే ఎక్కువ పని పిండాలంటే యజమాని ఆజ్ఞ ప్రకారం, వేగం తగ్గకుండా నడిచే శక్తి కావాలి. ఆవిరి ఆ పని చేసింది. మూడో కారణం నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచింది. రాబర్ట్ థామ్ అనే ఇంజనీరు జలాశయాలు కట్టి ఏడాది పొడుగునా మిల్లులకు నీరిచ్చే పద్ధతిని స్కాట్లండులో గ్రీనక్ దగ్గర అమలు జరిపి చూపించాడు. లాంకషైర్లో ఇర్వెల్ నది మీద కూడా అలాంటి పథకమే వేశాడు. కాని ఆ పథకం నడవాలంటే యజమానులందరూ కలిసి డబ్బు పెట్టాలి, నీటి పంపకాన్ని ఒక ఉమ్మడి అధికారానికి అప్పగించాలి. ఒకడికొకడు పోటీగా బతికే యజమానులు అందుకు సిద్ధపడలేదు. నీరు ఉమ్మడిది, బొగ్గు ఎవడి బస్తా వాడిది. సొంత ఆస్తి తర్కానికి బొగ్గే సరిపోయింది.

1842లో ఇంగ్లండులో సార్వత్రిక సమ్మె జరిగినప్పుడు కార్మికులు మిల్లు మిల్లుకూ తిరిగి బాయిలర్ల బిరడాలు ఊడదీశారు. వాళ్ళకు వాతావరణ శాస్త్రం తెలియదు. తమ మీద అధికారం చలాయిస్తున్నది ఏదో మాత్రం తెలుసు. ఇంతకూ మామ్ రుజువు చేసేదేమంటే, బొగ్గును ఎంచుకున్నది "మానవుడు" కాదు. ఒక దేశంలో ఒక వర్గం, మరొక వర్గాన్ని లొంగదీసుకునే క్రమంలో ఎంచుకుంది. ఆ ఎంపిక గురించి ఆ దేశపు కార్మికులను ఎవరూ అడగలేదు. మన దేశపు నేతగాళ్ళను అసలే అడగలేదు.

ఇంత మంచి పుస్తకానికీ హద్దులున్నాయి. మామ్ చెప్పేది పుట్టుక కథ. పుట్టుకకు కారణమైనదే కొనసాగింపుకూ కారణమని ఆయన అనుకుంటాడు. చక్రవర్తి పక్షాన ఒక న్యాయమైన ప్రశ్న ఇక్కడ మిగిలిపోతుంది: లాభం కోసం కాకుండా ప్రజల అవసరం కోసం ఉత్పత్తి జరిపామని చెప్పిన దేశాల మాటేమిటి? సోవియట్ యూనియన్‌లో 1960ల నుంచి అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని పత్తి పొలాలకు మళ్ళించినందువల్ల ఆరల్ సముద్రం చాలా భాగం ఎండిపోయింది. అక్కడ మిల్లు యజమాని లేడు. ఈ ప్రశ్నకు మామ్ పుస్తకంలో తృప్తికరమైన జవాబు లేదు. వామపక్ష పాఠకులు దాన్ని దాటవేయటం ఆయనకు చేసే సహాయమేమీ కాదు.

రెండో హద్దు మనకు ఇంకా దగ్గరిది. మామ్ పుస్తకంలోని కార్మికుడు ఆవిరికి ఎదురు నిలుస్తాడు. సింగరేణి కార్మికుడు బొగ్గు మీద బతుకుతాడు, బొగ్గు గనుల్లోనే సంఘం కట్టుకున్నాడు, సమ్మెలు చేశాడు, హక్కులు సంపాదించాడు. బొగ్గు ఆపాలని చెప్పేవాడు ముందుగా ఆ కార్మికుడికి జవాబు చెప్పాలి. ఐతే సింగరేణి చరిత్రే మామ్ వాదానికి మరో విధంగా బలం చేకూరుస్తుంది. 1990ల ఆరంభంలో అక్కడ లక్షకు పైబడి కార్మికులు పనిచేసేవారు. ఇప్పుడు సుమారు 40 వేలమంది వున్నారు. తవ్వే బొగ్గు మాత్రం ఈ కాలంలో మూడింతలకు పైగా పెరిగింది. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్ట్ గనులు పెరగటం ఇందుకు ముఖ్య కారణం. అంటే, కార్మికుడి ఉద్యోగాన్ని మింగిన పద్ధతీ, చుట్టుపక్కల ఊళ్ళనూ పొలాలనూ మింగిన పద్ధతీ ఒకటే. కార్మికుడి ప్రయోజనం ఒకవైపు, ప్రకృతి ప్రయోజనం ఇంకోవైపు అని వాదించేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. సంఘాలలో పనిచేసేవారు కూడా చూడాలి.

జేసన్ మూర్ సంగతి రెండు మాటల్లో ముగించవచ్చు. "కాపిటలిజం ఇన్ ది వెబ్ ఆఫ్ లైఫ్" (2015) రాసిన ఈయన మానవయుగం అనే మాట బదులు పెట్టుబడి యుగం అనాలని ప్రచారం చేసినవారిలో ముఖ్యుడు. ఆవిరి యంత్రం దగ్గర మొదలుపెట్టటం ఆయనకు నచ్చదు. 15వ శతాబ్దపు చెరకు తోటల దగ్గర, వెండి గనుల దగ్గర మొదలుపెడతాడు. శ్రమ, ఆహారం, ఇంధనం, ముడిసరుకు, ఈ నాలుగూ కారుచవకగా దొరికినంత కాలమే పెట్టుబడి బతుకుతుందనటం మంచి పరిశీలన. వాటిని చవక చెయ్యటానికి బానిసత్వమూ, వలసలూ, ఆడవాళ్ళ జీతంలేని చాకిరీ కావలసి వచ్చాయనటం ఇంకా మంచి పరిశీలన. కాని మనిషి, ప్రకృతి అని రెండు మాటలు వాడినవాడల్లా ద్వైతవాది అని ఆయన జాన్ బెలమీ ఫాస్టర్ మీద తెచ్చిన తగాదా మాత్రం వ్యాకరణ వివాదంలా వుంటుంది. అద్వైతం మనకు కొత్తది కాదు కదా. అంతా ఒకటే అన్నంత మాత్రాన కౌలు రేటు తగ్గలేదు.

ఫాస్టర్ "మార్క్సెస్ ఇకాలజీ" 2000లో వచ్చింది. మార్క్సు కేవలం యంత్రాలను, ఉత్పత్తి పెంపునూ కీర్తించాడని అటు శత్రువులూ ఇటు మిత్రులూ చెప్పుకునే రోజుల్లో ఈ పుస్తకం ఒక మంచి పని చేసింది. "పెట్టుబడి" మొదటి సంపుటంలో భారీ పరిశ్రమను గురించిన అధ్యాయం చివర వ్యవసాయాన్ని గురించి వున్న కొద్ది పుటలను ముందుకు తెచ్చింది. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ తన వ్యవసాయ రసాయన గ్రంథానికి 1862లో తెచ్చిన కూర్పులో, ఇంగ్లండు పద్ధతి వ్యవసాయం కాదు, నేలను దోచుకోవటమని ఆరోపించాడు. పల్లె నుంచి ధాన్యమూ ఉన్నీ పట్నానికి పోతాయి. వాటితోపాటు నేలలోని సారమూ పోతుంది. పట్నం దాన్ని మురుగుగా థేమ్స్ నదిలో వదులుతుంది. పోయిన సారాన్ని పూడ్చటానికి పెరూ దేశపు దీవుల నుంచి పక్షి రెట్టను ఓడలకెత్తించారు, యూరపు యుద్ధభూముల నుంచి ఎముకలు తెచ్చి పొలాలకు పొడి చేసి చల్లారు. ఆ రెట్టను తవ్వినవారిలో చైనా నుంచి తెచ్చిన ఒప్పంద కూలీలు ఎందరో వున్నారు. మార్క్సు దీన్ని మనిషికీ నేలకూ మధ్య జరగవలసిన పదార్థ వినిమయంలో వచ్చిన చీలికగా చూశాడు. మన రైతుకు ఈ భాగం విప్పి చెప్పనక్కరలేదు. పేడ ఎరువు పోయి యూరియా బస్తా వచ్చిన దారిని అతను స్వయంగా నడిచాడు. ఆ బస్తాకు కావలసిన సహజవాయువు కోసం దేశం ఏ దేశాల వైపు చూస్తున్నదో కూడా పేపర్లో చదువుతున్నాడు.

ఫాస్టర్ మొదలుపెట్టినదాన్ని జపాను పండితుడు కొహెయ్ సైతో చాలా దూరం తీసుకుపోయాడు. మార్క్సు తన చివరి ఏళ్ళలో రాసుకున్న నోటుపుస్తకాలను ఈయన శ్రద్ధగా చదివాడు. 1868లో మార్క్సు కార్ల్ ఫ్రాస్ అనే శాస్త్రజ్ఞుని గ్రంథం చదివి, అడవులు నరికినందువల్ల ప్రాచీన దేశాలలో వాతావరణం ఎండిపోయిందన్న వాదన పట్ల ఆసక్తి చూపి, ఎంగెల్సుకు ఉత్తరం రాశాడు. రష్యన్ గ్రామసమాజాలను గురించీ, మన దేశపు ఉమ్మడి భూములను గురించీ నోట్సు రాసుకున్నాడు. సైతో "కార్ల్ మార్క్సెస్ ఇకోసోషలిజం" (2017) వీటినుంచి పుట్టిందే. డాయిషర్ స్మారక బహుమతి దానికి వచ్చింది. 2020లో జపాను భాషలో సామాన్య పాఠకుల కోసం రాసిన పుస్తకం ఐదు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. 2024లో "స్లో డౌన్" పేరుతో ఇంగ్లీషులోకి వచ్చింది. మార్క్సు చివరికి ఉత్పత్తి వృద్ధినే వద్దనుకున్న కమ్యూనిజానికి చేరుకున్నాడని అందులో ఆయన వాదన.

ఇక్కడ సైతో తన ఆధారాలను మించి పోయాడు. నోట్సు రాసుకోవటం వేరు, సిద్ధాంతం చెయ్యటం వేరు. ఒక పుస్తకం నుంచి ఎత్తి రాసుకున్నంత మాత్రాన ఆ పుస్తకం చెప్పినదల్లా మార్క్సు సిద్ధాంతం కాజాలదు. 1881లో వెరా జాసూలిచ్‌కు రాసిన జవాబు చిత్తుప్రతులలో కూడా గ్రామసమాజం పెట్టుబడిదారీ విధానపు సాంకేతిక ఫలితాలను అందుకుంటుందనే ఆలోచన వుంది. వాటిని వదిలేస్తుందని కాదు. అమెరికాలో మాథ్యూ హ్యూబర్ ఈయనను గట్టిగానే ఖండించాడు. "క్లైమేట్ చేంజ్ యాజ్ క్లాస్ వార్" (2022) అనే తన పుస్తకంలో హ్యూబర్ చెప్పేది, కార్మికుణ్ణి తక్కువతో సరిపెట్టుకొమ్మని చెప్పే రాజకీయం కార్మికవర్గంలో నిలబడదని. వాదన సరైనదే. కాని ఇద్దరి మధ్యా జరుగుతున్న పోరాటంలో ఒక వింత వుంది. ఇద్దరూ సంపన్న దేశాల లోపలి నుంచే మాట్లాడుతున్నారు. ఏడాదికి తలసరి బొగ్గుపులుసు వాయువు అమెరికాలో సుమారు 14 టన్నులు, మన దేశంలో సుమారు 2 టన్నులు. ఆ రెండు టన్నులైనా సగటు లెక్క. అందులో ఏజెన్సీ గిరిజనుడి వంతు ఎంతో, హైదరాబాదులో నాలుగు కార్లున్నవాడి వంతు ఎంతో వేరువేరుగా తీసి చూస్తే కథ ఇంకోలా వుంటుంది. తగ్గించండి అన్న మాట ఎవరితో అంటున్నారో చెప్పకపోతే అది ఉపవాసం వున్నవాడికి పథ్యం చెప్పటమే అవుతుంది.

ఈ సిద్ధాంత గ్రంథాలన్నిటికంటే, వాతావరణమూ వర్గమూ ఎలా కలిసి పనిచేస్తాయో కళ్ళకు కట్టినట్టు చూపిన పుస్తకం ముందే వచ్చింది. మైక్ డేవిస్ "లేట్ విక్టోరియన్ హోలకాస్ట్స్" 2001 నాటిది. ఇది మన కథ కూడా. 1876లో రుతుపవనాలు ఎందుకు విఫలమయ్యాయో నాడు ఎవరికీ తెలియదు. పసిఫిక్ సముద్రంలో నీరు వేడెక్కినప్పుడు మన దగ్గర వర్షం తప్పిపోతుందనే సంగతిని తరువాతి తరాల శాస్త్రజ్ఞులు ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ కనిపెట్టారు. భారత వాతావరణ శాఖకు అధిపతిగా వుండిన గిల్బర్ట్ వాకర్ అందులో మొదటి మెట్లు వేసినవాడు. కాబట్టి అనావృష్టి ప్రకృతిది. దానికి వైస్రాయి లిట్టన్ బాధ్యుడు కాడు. డేవిస్ అడిగేది తరువాతి ప్రశ్న: వాన లేకపోవటం కరువుగానూ, కరువు శవాల గుట్టలుగానూ ఎలా మారింది?

బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలలో ఆ కరువును ధాత కరువు అని పెద్దలు చెప్పుకునేవారు. అది ధాత నామ సంవత్సరం. ఆ ఏడాది చివర ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించే దర్బారుకు వారం రోజులు విందులు జరిగాయి. అప్పుడే రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాష్ట్రానికి కరువు ప్రతినిధిగా వచ్చాడు. ఈ టెంపులే 1874లో బీహారు కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి చావులను చాలావరకు ఆపినవాడు. ఆ మంచిపనికి దుబారా మనిషని పైవాళ్ళు అక్షింతలు వేశారు. ఆ పాఠం ఆయన బాగా నేర్చుకున్నాడు. మద్రాసుకు రాగానే కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం విలువకు, పైన కొద్దిపాటి చిల్లరకు దించాడు. పౌను అంటే అర కేజీ కూడా కాదు. రాష్ట్ర ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ ఇది మనిషిని నిదానంగా చంపే కొలత అని లెక్కలతో సహా ఎదురు తిరిగాడు. కొన్ని నెలల తరువాత గాని కొలత పెంచలేదు. ఈలోగా రైళ్ళు ధాన్యాన్ని కరువు జిల్లాలకు తెచ్చినట్టే, ధర ఎక్కువ పలికే చోటికి అక్కడినుంచి తీసుకుపోయాయి కూడా. గోధుమ ఓడలు ఇంగ్లండుకు పోవటం ఆగలేదు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనంలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు.

వాతావరణ చరిత్ర, మానవ చరిత్ర కలిసిపోయాయని చక్రవర్తి 2009లో చెప్పాడు. డేవిస్ అంతకు ముందే వాటిని కలిపి రాశాడు, కలిపినప్పుడు వర్గమూ సామ్రాజ్యమూ కరిగిపోలేదు సరికదా, ఇంకా స్పష్టంగా కనిపించాయి. అందుకే ఈ పుస్తకాన్ని ఆ చర్చకు జవాబుగా చదవమంటాను. దీనికి లోపాలు లేవని కాదు. బ్రిటిషువాళ్ళకు ముందు పాలకులు కరువులను చక్కగా ఎదుర్కొన్నారన్న భాగంలో డేవిస్ కాస్త ఉదారంగా రంగులు వేశాడు. చెరువుల నిర్వహణకు దశబంధం ఇనాములుండటం నిజం. ఆ చెరువు కింద ఎవరి పొలం తడిసింది, ఎవరు పూడిక తీశారు అన్న ప్రశ్న ఆయన వేయలేదు. పుస్తకం ప్రధానంగా ఇంగ్లీషు ఆధారాల మీద నడుస్తుంది. ఎగువన జరిగిన నేరం పూర్తిగా దొరుకుతుంది గాని, ఊరి లోపల షావుకారు గాదె తాళం కథ సగమే దొరుకుతుంది.

ఆ సగం కోసం మన దేశపు పండితుల వైపు చూస్తే వాళ్ళూ అక్కడే తడబడ్డారు. మాధవ్ గాడ్గిల్, రామచంద్ర గుహ కలిసి రాసిన "దిస్ ఫిషర్డ్ లాండ్" (1992) మన పర్యావరణ చరిత్రకు పునాది గ్రంథం. ఉత్పత్తి విధానం అన్న మార్క్సు భావనకు తోడుగా వనరుల వినియోగ విధానం అన్న భావనను చేర్చారు. 1878 అటవీ చట్టం అడవి బిడ్డలను తమ అడవిలోనే దొంగలను చేసిన తీరును వివరించారు. 1922 - 24 మన్యం తిరుగుబాటును గురించి చదివేవారికి అటవీ చట్టాల కథ తెలియకుండా కుదరదు. ఇంతవరకూ వారి ఋణం మనం తీర్చుకోలేము. కాని అదే పుస్తకంలో కులవ్యవస్థను గురించి ఒక విచిత్రమైన వాదన వుంది. ఒక్కొక్క కులం ఒక్కొక్క వనరును పంచుకోవటంవల్ల పోటీ తగ్గి ప్రకృతి భద్రంగా వుండేదట! చేపలు ఒకరివి, వెదురు ఇంకొకరిది, చచ్చిన పశువు తోలు మరొకరిది. పంచినవాడెవడు? తోలు వంతుకు వచ్చినవాడు చెరువులో చెయ్యి ముంచవచ్చునా?

గుహ 2024లో తెచ్చిన "స్పీకింగ్ విత్ నేచర్" చదవటానికి ఇంపుగా వుంది. టాగోరు, రాధాకమల్ ముఖర్జీ, కుమరప్ప, మీరా బెన్, ఎల్విన్ మొదలైన పదిమందిని తీసుకుని, పర్యావరణ స్పృహ మనకు పడమటినుంచి అరువు రాలేదని నిరూపించాడు. కుమరప్ప మీది అధ్యాయాన్ని మన అర్థశాస్త్ర విద్యార్థులు తప్పక చదవాలి. ఐతే ఆ పదిమందిలో అంబేడ్కర్ లేడు. 1927లో మహద్ చవదార్ చెరువు నీళ్ళు తాగటానికి వేలమందిని నడిపించినవాడు నీటిని గురించి మాట్లాడినవారి జాబితాలోకి రాకపోవటం యాదృచ్ఛికం కాదు. నీళ్ళ మీద హక్కును సామాజిక న్యాయం అనీ, నీళ్ళను కాపాడటాన్ని పర్యావరణం అనీ వేరుచేసి రెండు అలమరలలో పెట్టినందువల్ల వచ్చిన ఫలితమిది. ముకుల్ శర్మ "కాస్ట్ అండ్ నేచర్" (2017) ఆ అలమరల మధ్య గోడను పగలగొట్టటానికి చేసిన మంచి ప్రయత్నం. శైలి కొంత బరువైనదైనా ఓపిక పట్టి చదవవలసిన పుస్తకం.

తెలుగు పాఠకుడికి ఆ గోడ అబద్ధమని పుస్తకం చదవకముందే తెలిసివుండాలి. 1985 జులైలో కారంచేడులో మాదిగపల్లె మీద జరిగిన దాడికి ముందు ఏం జరిగింది? మాదిగలు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర కమ్మవారి యువకులు గేదెలకు కుడితి పెట్టి, ఆ మురికి చెరువులో కలిపారు. అడిగినవారి మీద చెయ్యి చేసుకున్నారు. మర్నాడు మనుషులను వెంటాడి చంపారు. నీటి కాలుష్యానికి ఇంతకంటే సూటి నిర్వచనం ఏ పర్యావరణ పాఠంలోనూ నాకు కనిపించలేదు. ఆ చెరువును పాడుచేసింది "మానవుడు" అని రాసే విద్యార్థికి ఎన్ని మార్కులివ్వాలో ఉపాధ్యాయులే చెప్పాలి.